ఇచ్చేదీ సర్కారే, ఆపేదీ సర్కారే
ఇంటింటా ఉన్న సైకిలుకు నగరాల రోడ్లపైనే చోటు కరువు

పశ్చిమ బెంగాల్‌లో తొమ్మిది నుంచి పన్నెండో తరగతి విద్యార్థులకు సైకిళ్లిచ్చే 'సబుజ్ సాథీ' పథకం 2015లో మొదలైంది. ఇప్పటికి పంచిన సైకిళ్లు కోటి దాటాయి. కానీ అదే రాష్ట్ర రాజధానిలో సైకిలెక్కినందుకు జరిమానా కట్టినవారికి లెక్కలేదు. కోల్‌కతా పోలీసులు 2008లో 38 రోడ్లపై సైకిళ్లను నిషేధించారు. 2013లో ఆ జాబితా 174 రోడ్లకు చేరింది. నిరసనలు రేగాక కుదించారే తప్ప నిషేధాన్ని పూర్తిగా ఎత్తేయలేదు.

నెమ్మదిగా కదిలే సైకిళ్లు ట్రాఫిక్‌కు అడ్డమన్నది పోలీసుల వాదన. దెబ్బ తగిలింది మాత్రం పాలు పోసేవారికి, పత్రికలు వేసేవారికి, ఇళ్లకు సరుకులు చేరవేసేవారికి. పాల క్యాన్లతో బస్సెక్కడం కుదరదు, ఆటోకి పెడితే లాభం మిగలదు. 2020లో లాక్‌డౌన్ సడలించాక బస్సులు చాలక జనం అల్లాడినప్పుడు పోలీసులే కొన్ని రోడ్లపై సైకిళ్లను తాత్కాలికంగా అనుమతించారు.

సైకిలు తొక్కేవారేమీ గుప్పెడుమంది కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం సాగు, కుటీర పరిశ్రమలు కాక ఇతర పనులు చేసేవారిలో 13 శాతం మంది సైకిలు మీదే పనికెళ్లేవారు. మోటారు ద్విచక్ర వాహనాలదీ ఇంచుమించు అంతే వాటా. కార్లలో వెళ్లేవారు 3 శాతం లోపే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో బెంగాల్‌లో దాదాపు 79 శాతం కుటుంబాలకు సైకిలున్నట్టు తేలింది.

అయినా చిన్నచూపు ఎందుకు? ఒకప్పుడు తెలుగు పల్లెల్లో అల్లుడికి సైకిలు, చేతిగడియారం పెట్టడం గొప్ప. మోటారు సైకిళ్లు వాయిదాల మీద దొరకడం మొదలయ్యాక అదే సైకిలు లేమికి గుర్తయింది. గేర్ల సైకిలు, హెల్మెట్‌తో ఉదయాన్నే కనిపించేవారికి మాత్రం గౌరవం తగ్గలేదు. హైదరాబాద్‌లో 2023 అక్టోబరులో ఔటర్ రింగురోడ్డు పక్కన సౌర ఫలకాల పైకప్పుతో 23 కిలోమీటర్ల ట్రాక్ ప్రారంభించారు. నగరం అంచున ఉన్న ఆ దారి వ్యాయామానికి బాగుంటుంది. పాతబస్తీలో పనికెళ్లే మనిషికి ఉపయోగం లేదు.

రోడ్డుపై చోటు వాహనాలను కాదు, మనుషులను చూసి కేటాయించాలని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానమే చెప్పింది. సైకిళ్లకు విడిగా దారులూ కోరింది. అమలు మాత్రం ఫ్లైఓవర్లంత వేగంగా సాగలేదు.

'సబుజ్ సాథీ' సైకిలుతో చదువు ముగించిన బెంగాలీ కుర్రాడు పని కోసం కోల్‌కతా చేరితే, నిషేధమున్న రోడ్డు ఎదురైన చోట సర్కారిచ్చిన ఆ బండి దిగాల్సిందే.