యంత్రం ఎందుకు ఆగిందో చెప్పాల్సింది ఎవరు?

మహారాష్ట్రలోని భివండీ పట్టణంలో టెంఘర్, పద్మనగర్ వంటి పేటల్లో సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడు పగలూ రాత్రీ వినిపిస్తుంది. కరీంనగర్, నల్లగొండ, వరంగల్ ప్రాంతాల నుంచి తరాల కింద బతుకుదెరువుకు వెళ్ళిన పద్మశాలి కుటుంబాలు ఆ ఊరి మరమగ్గాల పరిశ్రమలో పాతుకుపోయాయి. అక్కడి పాతకాలపు సాంచాలకు కంప్యూటర్‌తో సంబంధం లేదు. అయినా కంప్యూటర్ శాస్త్రంలో చాలామంది నిర్లక్ష్యం చేసే ఒక సూత్రాన్ని వాటి దగ్గర నేర్చుకోవచ్చు. అడ్డంగా సాగే పేక పోగు తెగితే, దాన్ని తడిమి చూసే ఫోర్కు పసిగట్టి సాంచాను ఆపేస్తుంది. నిలువుగా సాగే పడుగు పోగు తెగితే మాత్రం మామూలు సాంచా ఆగదు. కార్మికుడి కన్ను పట్టుకోవాలి, లేదంటే ఆ లోపం గజాల కొద్దీ బట్టలో గీతగా సాగిపోతుంది. కొత్త తరహా ర్యాపియర్ మగ్గాల్లో ప్రతి పడుగు పోగుకూ ఒక సన్నని ఉక్కు రేకు, అంటే డ్రాపరు, వేలాడుతుంది. పోగు తెగగానే ఆ రేకు కిందికి జారి విద్యుత్ వలయాన్ని కలుపుతుంది, మగ్గం ఆగుతుంది.

ఆగడం ఒక్కటే సరిపోదు. పోగు తెగితే అతకాల్సింది నేత కార్మికుడు. కదలికల వరస తప్పితే సరిచేయాల్సింది మగ్గాలను బాగుచేసే జాబరు. డిజైన్ తప్పయితే దాన్ని గీసినవాడు చూసుకోవాలి. కాబట్టి ఎందుకు ఆగిందో కూడా యంత్రం చెప్పాలి. ఆపరేటింగ్ సిస్టమ్‌లోని డ్రైవర్ల గురించి నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఇదే: ఎర్రర్ కోడ్ అంటే ఇప్పుడు పని ఎవరి చేతికి వచ్చిందో తెలిపే కబురు. ఆ కబురు తప్పినా, మధ్యలో పోయినా నష్టం యంత్రంతో ఆగదు.

డ్రైవర్ అంటే పరికరానికీ ఆపరేటింగ్ సిస్టమ్‌కూ నడుమ పనిచేసే ప్రోగ్రాము. కీబోర్డు, ప్రింటరు, డిస్కు, నెట్‌వర్క్ కార్డు, దేని భాష దానిదే. వాటన్నిటినీ తెరవడం, చదవడం, రాయడం, మూయడం అనే కొద్దిపాటి పనులుగా పైనున్న ప్రోగ్రాములకు చూపించే ఏర్పాటును 1970లలో యునిక్స్ స్థిరపరిచింది. నేటి లినక్స్ కూడా అదే దారిలో నడుస్తోంది.

డ్రైవర్ చూసుకోవాల్సిన ఇన్‌పుట్, ఫార్మాట్, ఎర్రర్ మూడూ ఒకేచోట కనిపించే పరికరం మన చేతి కిందే ఉంది. యూఎస్‌బీ కీబోర్డు తన అతి సాదా పద్ధతిలో ప్రతిసారీ 8 బైట్ల నివేదిక పంపుతుంది. మొదటి బైటు షిఫ్ట్, కంట్రోల్ వంటి మీటలది. రెండోది ఖాళీగా వదిలినది. మిగిలిన ఆరూ ఆ క్షణాన నొక్కి ఉన్న మీటల సంఖ్యలు. ఆ సంఖ్యల పట్టికలో ఇంగ్లీషు మొదటి అక్షరం ‘ఎ’కి 4 ఇచ్చారు. సున్నా అంటే ఏ మీటా నొక్కలేదని. మరి 1, 2, 3 ఏమైనట్టు? ఆ మూడింటినీ పొరపాట్లకు కేటాయించారు. ఒకేసారి లెక్కకు మించి మీటలు నొక్కి, ఏవి నొక్కారో కీబోర్డు తేల్చుకోలేకపోతే, ఆరు గడుల్లోనూ 1 వేసి పంపుతుంది. అది చూసిన డ్రైవర్ ఆ నివేదికను అక్షరాలుగా చదవకుండా పక్కన పెట్టాలి. తనకు తెలియనిదాన్ని ఊహించి ఏదో ఒక అక్షరం పంపడం కన్నా తెలియదని చెప్పడం మేలని ఆ ప్రమాణం రాసినవారు నిర్ణయించారు. నాకు ఆ నిర్ణయం మీద ఎంతో గౌరవం.

సరైన నివేదిక వస్తే ఏమవుతుందో కూడా చూద్దాం. ‘కె’ మీట నొక్కితే కీబోర్డు 14 పంపుతుంది. లినక్స్ డ్రైవర్ దాన్ని తన సొంత పట్టికలోని 37కు మారుస్తుంది. నొక్కితే విలువ 1, వదిలితే 0, నొక్కి పట్టుకుంటే 2. ఇక్కడి వరకూ భాష అన్నదే లేదు. పైన ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు అమరిక ఉంటే ఆ 37 కాస్తా ‘క’ అవుతుంది, అంటే యూనికోడ్‌లో 3093వ సంకేతం. అమరిక మార్చితే అదే మీట మరో భాష అక్షరాన్ని ఇస్తుంది. డ్రైవర్‌ను ముట్టుకోనవసరం లేదు.

ఫార్మాట్ తప్పితే ఏమవుతుందో చూడటానికి మళ్ళీ మగ్గం దగ్గరికే వెళ్దాం. పడుగు పోగులను ఎత్తి డిజైన్ నేయించే జకార్డు అట్టలతో నడిచిన కాలం నుంచీ సూత్రం ఒకటే: అట్టలో రంధ్రం ఉంటే పోగును ఎత్తే హుక్కు లేస్తుంది, లేకపోతే లేవదు. ఎలక్ట్రానిక్ జకార్డులో రంధ్రానికి బదులు ఒక బిట్టు ఉంటుంది. 2,688 హుక్కులున్న జకార్డుకు ఒక్కో పేకకు 2,688 బిట్లు, అంటే 336 బైట్లు కావాలి. ఇప్పుడు 2,640 హుక్కుల జకార్డుకు తయారైన డిజైన్‌ను ఎవరో దీనికి ఎక్కించారనుకోండి. అందులో పేకకు 330 బైట్లే ఉంటాయి. జకార్డును నడిపే కంట్రోలరు ఏమీ అడగకుండా 336 చొప్పున చదువుకుంటూ పోతే, మొదటి పేకలోనే రెండో పేక నుంచి 6 బైట్లు చొరబడతాయి. రెండో పేకకు మూడోదాని నుంచి 12 చొరబడతాయి. ప్రతి పేకకూ డిజైన్ 48 హుక్కుల చొప్పున పక్కకు జరుగుతూ పోతుంది. 55 పేకలు నేసేసరికి 56 పేకల డిజైన్ ఖర్చయిపోతుంది. పువ్వు పువ్వులా ఉండదు, ఏటవాలు చారలు మిగులుతాయి. విచిత్రమేమంటే ఇందులో ఏ భాగమూ చెడిపోలేదు. హుక్కులు బాగున్నాయి, పోగులు బాగున్నాయి, ప్రతి బిట్టునూ యంత్రం చెప్పినట్టే అమలు చేసింది. మంచి డ్రైవర్ మొదటి పేక నేయకముందే ఫైలు తలభాగంలో రాసి ఉన్న వెడల్పును తన హుక్కుల సంఖ్యతో పోల్చి, తేడా ఉంటే ఒప్పుకోనని తిప్పి పంపుతుంది.

తిప్పి పంపే పద్ధతికీ ఒక క్రమం ఉంది. లినక్స్‌లో డ్రైవర్‌ను చదవమని అడిగితే, ఎన్ని బైట్లు చదివిందో ఆ సంఖ్య ఇస్తుంది. చదవలేకపోతే రుణ సంఖ్య ఇస్తుంది. రుణ 22 అంటే నువ్వు అడిగిన తీరే తప్పు అని. రుణ 11 అంటే ఇప్పుడు కుదరదు, మళ్ళీ అడుగు అని. రుణ 19 అంటే ఆ పరికరమే లేదని. రుణ 5 అంటే చదవడంలోనో రాయడంలోనో పరికరం దగ్గరే దెబ్బతిన్నదని. నాలుగింటికీ నాలుగు వేర్వేరు పనులు చేయాలి. 11 వస్తే ఆగి మళ్ళీ ప్రయత్నించాలి, 22 వస్తే ఎన్నిసార్లు ప్రయత్నించినా లాభం లేదు. అన్నిటికీ కలిపి ‘ఏదో తప్పు జరిగింది’ అని ఒకే మాట చెప్పే డ్రైవర్ పైనున్న ప్రోగ్రామును చీకట్లో వదిలేసినట్టే.

బైట్ల లెక్క ఎన్నడూ రుణ సంఖ్య కాదు. కాబట్టి డేటా ఏదో, పొరపాటు ఏదో కలగాపులగం అయ్యే అవకాశమే లేదు. ఈ హద్దు చెరిగిపోతే ఏమవుతుందో 1996 జూన్ 4న ఏరియాన్-5 రాకెట్ మొదటి ప్రయోగంలో ప్రపంచం చూసింది. దిశను కొలిచే వ్యవస్థలో 64 బిట్ల సంఖ్యను 16 బిట్లలో ఇరికించబోయి ప్రోగ్రాము విఫలమైంది. ఆ వ్యవస్థ అప్పుడు పంపిన లోపనిర్ధారణ సమాచారాన్ని ప్రధాన కంప్యూటర్ మామూలు ప్రయాణ సమాచారంగా చదివి, ఇంజన్ల నాజిళ్ళను ఒక్కసారిగా పక్కకు తిప్పింది. రాకెట్ దారి తప్పి గాలిలోనే ముక్కలైంది.

మన ఇంటి ముంగిట జరిగిన ఉదాహరణ 2024 జూలై 19 నాటిది. ఆ ఉదయం మన కాలమానం ప్రకారం 9 గంటల 39 నిమిషాలకు క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ తన భద్రతా సాఫ్ట్‌వేర్‌కు ఒక చిన్న ఫైలు పంపింది. దాన్ని చదివేది విండోస్ కెర్నెల్‌లో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగంలో, పనిచేసే డ్రైవర్. కొత్త నియమం 21వ విలువను చూడమంది. డ్రైవర్‌కు అందుతున్న విలువలు 20 మాత్రమే. అంతకుముందు ఆ 21వ గడిలో ‘ఏదైనా సరే’ అన్న గుర్తు ఉండేది కనుక దాన్ని చదివే అవసరం రాలేదు. ఆ రోజు వచ్చింది. లేని విలువ కోసం డ్రైవర్ తనది కాని జ్ఞాపకస్థలంలోకి చూసింది, విండోస్ కుప్పకూలింది. మామూలు ప్రోగ్రాము ఇలా చేస్తే అదొక్కటే పోతుంది. డ్రైవర్ కెర్నెల్‌లో భాగం కనుక కంప్యూటర్ మొత్తం పోతుంది. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల యంత్రాలు నీలితెరతో నిలిచిపోయాయి. 78 నిమిషాల్లో ఫైలును వెనక్కి తీసుకున్నా జరగాల్సిన నష్టం జరిగిపోయింది. హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. చదివేముందు ‘నా దగ్గర ఎన్ని విలువలున్నాయి?’ అని ఒక్కసారి సరిచూసుకునే వాక్యం ఉంటే ఆ రోజు మామూలు రోజులాగే గడిచేది.

పొరపాటును గుర్తించాక కూడా అది పైదాకా చేరుతుందన్న నమ్మకం లేదు. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లో లినక్స్ ఫైల్ సిస్టమ్‌లనూ ముఖ్యమైన డిస్క్ డ్రైవర్లనూ పరిశీలించారు. ఎర్రర్ కోడ్‌ను కిందినుంచి పైకి అందించే 9,022 ఫంక్షన్ పిలుపుల్లో 1,153 చోట్ల, అంటే సుమారు 13 శాతం, ఆ కోడ్‌ను సరిగా భద్రపరచడం లేదని తేల్చారు. పదేళ్ళ తర్వాత, 2018లో, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌ను అభివృద్ధి చేసేవారికి ఇలాంటిదే ఎదురైంది. డిస్కు మీద రాయడం విఫలమైతే కెర్నెల్ ఆ సంగతి ఒకసారి చెప్పి, రాయాల్సిన పుటలను రాసేసినట్టే లెక్కగట్టేది. డేటాబేస్ మళ్ళీ అడిగితే అంతా సవ్యమే అనేది. డేటా మాత్రం డిస్కు చేరలేదు. చివరికి వారు, ఆ పొరపాటు మొదటిసారి రాగానే డేటాబేస్ తనంతట తాను ఆగి, తన చిట్టా నుంచి తిరిగి కోలుకునేలా మార్చారు. నా దృష్టిలో అది సరైన నిర్ణయం. తప్పు డేటాతో నడిచే యంత్రం కన్నా ఆగిన యంత్రం నయం.

ఎర్రర్ కోడ్ అంకె రూపంలో ఉండటంలో మరో మేలుంది. అంకెకు భాష లేదు, కాబట్టి దాని పక్కన ఏ భాషలోనైనా వివరణ రాసుకోవచ్చు. మగ్గం తెరమీద ఇంగ్లీషు అక్షరాల్లో కనిపించే కోడ్, దాని ముందు నిలబడ్డ మనిషికి అర్థం కాకపోతే, డ్రైవర్ ఎంత నిజాయితీగా చెప్పినా కబురు చివరి గజం దాటలేదన్నమాటే. కొత్త మగ్గం కొనే ఆసాములు అమ్మేవాళ్ళ దగ్గర ఎర్రర్ కోడ్ల పూర్తి పట్టికను అడిగి తీసుకోవాలి. పద్మనగర్‌లోనూ సిరిసిల్లలోనూ నేత కుటుంబాల్లో ఇంజనీరింగ్ చదువుతున్న పిల్లలు ఎందరో ఉన్నారు. ఆ పట్టికను తెలుగులో, మరాఠీలో, హిందీలో రాసి, ఏ కోడ్ వస్తే ఎవరిని పిలవాలో పక్కన చేర్చి, ప్రతి మగ్గం దగ్గరా అతికించే పని వాళ్ళు ఈ సెలవుల్లోనే మొదలుపెట్టాలని కోరుతున్నాను.