పీహెచ్‌పీ ప్రాజెక్టులో ఏ ఫైలు ఎక్కడ ఉండాలి?

ఇంట్లో అడిగి తెలుసుకునే వీలు లేకుండా కంప్యూటర్ చదువుల్లోకి వస్తున్న హాస్టల్ తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు పనికొస్తుందని ఈ వ్యాసం రాస్తున్నాం. రాస్మస్ లెర్డార్ఫ్ 1995లో విడుదల చేసిన పీహెచ్‌పీ నేర్చుకోవడం తేలిక. చిక్కు కూడా అక్కడే ఉంది. ఫైళ్ళన్నీ ఒకే ఫోల్డరులో పడేసినా వెబ్‌సైటు నడిచిపోతుంది.

హాస్టల్ విద్యార్థుల రిజిస్టరును వెబ్‌సైటుగా చేస్తున్నామనుకుందాం. అందులో మన కులం, ఇంటి ఆదాయం, స్కాలర్‌షిప్ పడే బ్యాంకు ఖాతా నంబరు ఉంటాయి. అవి బయటపడితే నష్టపోయేది మనమే.

అందుకే ‘పబ్లిక్’ అని ఒక ఫోల్డరు పెట్టి, సర్వరు డాక్యుమెంట్ రూట్‌ను దానికి మాత్రమే చూపించాలి. అందులో ఇండెక్స్ ఫైలు, బొమ్మలు, సీఎస్ఎస్ చాలు. మన కోడు, కాన్ఫిగ్, కంపోజర్ తెచ్చే ‘వెండర్’ ఫోల్డరు దాని బయట ఉండాలి. మామూలుగా సర్వరు పీహెచ్‌పీ ఫైలును నడిపి ఫలితాన్నే పంపుతుంది. సర్వరు సెట్టింగు తప్పితే మాత్రం ఆ ఫైలునే అక్షరాలా చూపిస్తుంది, డేటాబేసు పాస్‌వర్డుతో సహా! బ్యాకప్ తీసిన ఎస్‌క్యూఎల్ ఫైలుకైతే సెట్టింగు తప్పనక్కర్లేదు, పేరు ఊహించి టైపు చేస్తే దిగిపోతుంది. జాంప్‌లో ప్రాజెక్టు మొత్తాన్ని హెచ్‌టీడాక్స్‌లో పెట్టే అలవాటు మనకు ల్యాబ్‌లోనే పడుతుంది. సర్వరుకు ఎక్కించేటప్పుడు దాన్ని వదులుకోవాలి.

ఇక మొదలుపెట్టే కోడు. బొమ్మలు, సీఎస్ఎస్ తప్ప ప్రతి అభ్యర్థనా ఇండెక్స్ ఫైలు గుండానే రావాలి. అపాచీలో రీరైట్ నియమం రాస్తే ఇది కుదురుతుంది. ఇండెక్స్‌లో రెండు మూడు వరుసలు ఉంచి, అసలు పని బూట్‌స్ట్రాప్ ఫైలుకు అప్పగించాలి. ముందు ఆటోలోడ్, తర్వాత కాన్ఫిగ్, ఆ తర్వాత లోపాలు తెరమీద కనపడకుండా లాగ్ ఫైలులోకి వెళ్ళే ఏర్పాటు. డేటాబేసు కనెక్షన్, సెషన్ దాని తర్వాతే. కనెక్షన్ తెగితే వచ్చే సందేశంలో లోపలి వివరాలు ఉండవచ్చు, వాటిని చూసేవాళ్ళ ముందు పరచకూడదు కదా.

లాగిన్ అయ్యారా లేదా అనే తనిఖీ కూడా పేజీ తెరవకముందే, ఒకేచోట జరగాలి. ఇరవై పేజీల్లో ఇరవైసార్లు రాస్తే, మరిచిన ఒక్క పేజీ తలుపు తీసి పెట్టినట్టే.

మరొకటి. విండోస్‌లో ఫైలు పేరులో పెద్దబడి, చిన్నబడి అక్షరాలకు తేడా పట్టింపు లేదు, లినక్స్‌లో ఉంది. ఆటోలోడ్ క్లాసు పేరును బట్టే ఫైలును వెతుకుతుంది. ల్యాబ్‌లో నడిచింది సర్వరులో ‘క్లాస్ దొరకలేదు’ అంటే ముందు అక్షరాలు చూడండి.