వార్తల్లో పదం: చీఫ్ కంప్లైంట్

రోగి డాక్టరు దగ్గరికి ఎందుకొచ్చారో కేస్ షీటులో మొదట రాసేదే చీఫ్ కంప్లైంట్. ‘మూడు రోజులుగా ఛాతీలో నొప్పి’ అన్నట్టు, వీలైనంతవరకు రోగి మాటల్లోనే ఉండాలి. హైదరాబాద్ సోమాజిగూడ ఆస్పత్రుల ఓపీల్లో నిత్యం రాసే ఇలాంటి వాక్యాన్ని, అమెరికా బిల్లుల కోసం ఎలా చదవాలో అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో మెడికల్ కోడింగ్ (చికిత్స వివరాలను బిల్లు కోడ్లుగా మార్చే పని) విద్యార్థులు నేర్చుకుంటారు.

అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ 1995, 1997 మార్గదర్శకాలు రికార్డులో ఇది స్పష్టంగా కనిపించాలని చెప్పాయి. వచ్చిన కారణం రాయకపోతే వైద్యం అవసరమైందని చూపడం కష్టం. క్లెయిము తిరస్కరణకు గురికావచ్చు. ఒట్టి ‘ఫాలో అప్’ చాలదు, ‘బీపీ ఫాలో అప్’ అనాలి. 2021 నుంచి ఓపీ విజిట్ బిల్లు స్థాయిని వైద్య నిర్ణయం లేదా వెచ్చించిన సమయం తేలుస్తోంది. అయినా కారణం రాయడం మానకూడదు.

ఓపీలో జబ్బు నిర్ధారణ కాకపోతే ‘గుండెపోటు కావచ్చు’ అన్న అనుమానానికి కోడ్ ఇవ్వకూడదు. ఛాతీ నొప్పికే, అమెరికాలో వాడే జబ్బుల కోడ్ల జాబితా ఐసీడీ-10-సీఎంలోని ఆర్07.9 లాంటి కోడ్ వేయాలి.

మన దగ్గరా క్యాష్‌లెస్ చికిత్స అనుమతి ఫారంలో బాధ ఏమిటో, ఎన్నాళ్లుగా ఉందో రాయాలి. అందుకే డాక్టరుకు ఆ రెండూ కచ్చితంగా చెప్పండి. చెప్పినట్టే రాశారో లేదో చూసుకోండి.