కొండమీద కార్తెల పని

వనమహోత్సవం అనగానే మనకు తట్టేది ఒక గొయ్యి, ఒక మొక్క, చెంబుడు నీళ్ళు, చివర ఒక ఫోటో. 1950లో కె.ఎం. మున్షీగారు ఈ ఉత్సవాన్ని ప్రారంభించిన నాటినుంచి నాటిన మొక్కల లెక్క వినబడినంతగా బ్రతికిన మొక్కల లెక్క వినబడదు. గుణదల కొండ వాలుమీద నాలుగేళ్ళు విద్యార్థుల జట్టును నడిపినవాడిగా నేను చెప్పగలిగింది ఒక్కటే: కొండను బాగుచెయ్యడమంటే ఏ కార్తె పని ఆ కార్తెలో చెయ్యడం. మొక్క నాటడం అందులో ఒక వంతు మాత్రమే.

ముందు ఆ కొండ స్వభావం తెలియాలి. బెజవాడ చుట్టూ ఉన్న కొండలు తూర్పు కనుమల తునకలు. ఇక్కడ సహజంగా ఉండవలసినది గడ్డి, పొదలు, వేసవిలో ఆకు రాల్చే చెట్లు కలిసిన పొడి అడవి. రేల, మోదుగ, పాలకొడిసె, చండ్ర, బలుసు దీని బంధువర్గం. కొండపల్లి బొమ్మలు చెక్కే తెల్లపొణికి కూడా ఇటువంటి అడవిదే. ఇవి పోయిన చోట సర్కారు తుమ్మ కాపురం పెట్టింది. అది మన దేశపు చెట్టు కాదు. అమెరికా ఖండాలనుంచి పందొమ్మిదో శతాబ్దంలో తెచ్చి మన నేలలో వేశారు.

"కొండ బోడిగా ఉంటే మనకేం?" అని అడిగేవాళ్ళున్నారు. 2024 ఆగస్టు 31న కుండపోత వానకు మొగల్రాజపురంలో కొండచరియలు ఇళ్ళమీద పడి మనుషులు చనిపోయారు. చెట్లుంటే బండలు జారవని నేననను. వాలును నిలువునా తొలిచి ఇల్లు కడితే ఏ చెట్టూ కాపాడలేదు. కాని వాన దెబ్బను ముందుగా కాచుకునేది గడ్డి, ఆకు. పైమట్టిని పట్టి ఉంచేది వేరు. ఆ మట్టి పోతే మళ్ళీ మన జీవితకాలంలో రాదు.

ఇక పని సంగతి. మొదటిది నీటి పని. రోళ్ళు పగిలే రోహిణి కార్తె ముగిసేలోగా కందకాలు పూర్తికావాలి. తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండ ముదరకముందే దిగిపోతాం. కందకం వాలుకు అడ్డంగా, రెండు కొసలూ ఒకే మట్టంలో ఉండాలి. దీనికి పెద్ద పరికరాలు అక్కరలేదు. రెండు సమానమైన కర్రలను పైన కలిపి, మధ్యలో అడ్డకర్ర కట్టి, కొసనుంచి దారానికి రాయి వేలాడదీస్తే చాలు. దారం అడ్డకర్రమీది నడిమి గుర్తును తాకితే రెండు కాళ్ళూ సమమట్టంలో ఉన్నట్టే. తవ్విన మట్టి దిగువ గట్టున వెయ్యాలి. అయితే ఇళ్ళకు పైనున్న నిటారు వాలులో మాత్రం కందకం తవ్వకూడదు. అక్కడ నీరు ఇంకితే నేల వదులై ముప్పు తెస్తుంది. అటువంటి చోట ఇంజనీరు మాటే చివరిమాట.

రెండవది నాటడం. మృగశిరలో నేల చల్లబడినా తొందరపడం. మట్టి జానెడు లోతున తడిసిందాకా ఆగి, ఆరుద్రలో నాటుతాం. మొక్కల మధ్య గడ్డి విత్తనం చల్లుతాం. కుర్రాళ్ళకు గడ్డి నాటడం నామోషీగా ఉంటుంది గాని, చెట్టు ఎదిగేలోపు కొండను కాపలా కాచేది గడ్డే.

మూడవది కలుపు. సర్కారు తుమ్మను పైకి నరికితే రెట్టింపు పిలకలు వేస్తుంది. తడినేలలో మొదలు చుట్టూ తవ్వి, పిలకలు వచ్చే భాగం కిందికి వేరు తెగగొట్టాలి. ఒక్కసారి అంతా తీస్తే వాలు బోడి అవుతుంది కనుక ముక్కలు ముక్కలుగా తీస్తాం. ఆ కట్టెలు కొండకింద ఆడవాళ్ళవే. వాళ్ళ పొయ్యికి అదే ఆధారం. మేకల కాపర్లతో కూడా ముందే కూర్చుని, ఈ ఏడు ఏ వాలు వదలాలో మాట్లాడుకుంటాం. వాళ్ళను తరిమి పెంచిన అడవి ఒక్క వేసవి కూడా నిలవదు.

నాలుగవది నిప్పు. ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో మేరీమాత ఉత్సవాలనాటికి గడ్డి ఎండి ఉంటుంది. అంతకు ముందే లేతమొక్కల చుట్టూ గడ్డి కోసి ఖాళీ బాటలు తీస్తాం. అన్ని దేశాలలో పద్ధతి ఒకటి కాదు. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం వారు 1935 ప్రాంతంలో, పని దొరకని యువకుల శిబిరం సాయంతో, బీడుపడ్డ పొలంలో అక్కడి సహజమైన పచ్చికబయలును తిరిగి పెంచసాగారు. 1940లలో చేసిన ప్రయోగాలలో ఆ గడ్డికి అప్పుడప్పుడు నిప్పు మేలుచేస్తుందని తేలింది. మన లేతమొక్కలకు అదే నిప్పు మృత్యువు. అందుకే పుస్తకం చదివి, తర్వాత మన కొండను చదవాలి.

జట్టు నాయకుడి పని కేకలు వెయ్యడం కాదు. ఎక్కేటప్పుడు అందరికంటె ముందు నడిచి పాములను, వదులు రాళ్ళను చూడాలి. దిగేటప్పుడు అందరికంటె వెనుక రావాలి. గడ్డపారలు, పారలు, మనుషులు, మూడూ లెక్క సరిపోవాలి. తొలిరోజు యాభైమంది వస్తారు, నాలుగో రోజుకు పన్నెండుమంది మిగులుతారు. ఆ పన్నెండుమందితోనే పని జరుగుతుంది!

1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాలలో జాతీయ సేవా పథకం మొదలైనప్పుడు విద్యార్థి చేతికి పార ఇచ్చారు. ఇప్పుడు దానితోబాటు ఒక రిజిస్టరు కూడా ఇవ్వాలని నా కోరిక. అందులో నాటిన మొక్కల పక్కన, రెండో వేసవి దాటి బ్రతికిన మొక్కల సంఖ్య వ్రాయాలి. మిత్రులారా, రాబోయే ఆరుద్రకు మొక్క పట్టుకుని రండి, సంతోషం. కాని అంతకంటె ముందు రోహిణిలో పార పట్టుకుని రండి. కొండకు అప్పుడే మీరు ఎక్కువ కావాలి.