కొత్త ల్యాప్‌టాప్ కొన్నారా? పాతది ఇచ్చేసే ముందు ఇవి చూసుకోండి.. ఫొటోలు కాపీ చేస్తే సరిపోదు!

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 ఎక్కని పాత సిస్టమ్‌లు ఉన్నవాళ్లు కొత్త ల్యాప్‌టాప్ వైపు చూస్తున్నారు. ఫొటోలు, డాక్యుమెంట్లు పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, పాతదాన్ని ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేస్తే పనైపోయిందనుకుంటే పొరపాటే. అసలు చిక్కంతా ఆ ఫోల్డర్లలో లేనివాటితోనే.

డీటీపీ సెంటర్ల సంగతే చూడండి. అను ఫాంట్లలో టైప్ చేసిన పాత పెళ్లిపత్రిక కొత్త సిస్టమ్‌లో తెరిస్తే తెలుగుకు బదులు పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. ఫైల్ పాడైందని కంగారు పడక్కర్లేదు. యూనికోడ్ కాని ఫాంట్లలో తెలుగు అక్షరం రూపం ఉండేది ఫాంట్‌లోనే, ఫైల్‌లో కాదు. అదే ఫాంట్ కొత్తదాంట్లో ఇన్‌స్టాల్ చేస్తే అక్షరాలు మళ్లీ వచ్చేస్తాయి. అందుకే పాత సిస్టమ్ ఉండగానే ఏయే ఫాంట్లు వాడారో రాసి పెట్టుకోవాలి. యూనికోడ్‌లో టైప్ చేసిన వాటికి ఈ బాధ లేదు.

షాపుల్లో ట్యాలీ వాడేవాళ్లకు మరో తలనొప్పి. లెక్కల డేటా మామూలుగా డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో ఉండదు. ట్యాలీలో కంపెనీని సెలెక్ట్ చేసే చోట డేటా పాత్ కనిపిస్తుంది.. ఆ ఫోల్డర్ మొత్తం కాపీ చేసుకోవాలి. లైసెన్స్‌ను కూడా పాత సిస్టమ్‌లో సరెండర్ చేశాకే కొత్తదాంట్లో యాక్టివేట్ చేయాలి. పాతది అమ్మేశాక గుర్తొస్తే ఇబ్బందే.

క్రోమ్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు, బుక్‌మార్క్‌లు గూగుల్ అకౌంట్‌తో సింక్ ఆన్ చేస్తే వాటంతటవే వస్తాయి. పాస్‌వర్డ్‌లను ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేస్తే మాత్రం పని అవ్వగానే డిలీట్ చేయండి. ఆ ఫైల్‌ను ఎవరు తెరిచినా చదవొచ్చు. వైఫై పాస్‌వర్డ్‌లు, సెట్టింగ్స్ కోసం 'విండోస్ బ్యాకప్' యాప్ ఉంది. కొత్త ల్యాప్‌టాప్ మొదటిసారి ఆన్ చేసినప్పుడు అదే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలు. కానీ వన్‌డ్రైవ్‌లో ఉచితంగా దొరికేది 5 జీబీనే, కుటుంబం ఫొటోలు అందులో పట్టవు. అందుకు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ మేలు. పెళ్లి వీడియో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కకపోతే అది ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉందేమో చూడండి. అందులో 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు. సాఫ్ట్‌వేర్లను మాత్రం ఫోల్డర్ కాపీ చేసి తెచ్చుకోలేం, చాలావరకు మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సిందే.

ఒక్కటి మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి.. కట్ చేయొద్దు, కాపీ చేయండి. మధ్యలో కరెంట్ పోయినా, కేబుల్ ఊడినా అసలు ఫైల్ పాతదాంట్లో ఉంటుంది. కాపీ అయ్యాక రెండు వైపులా ప్రాపర్టీస్‌లో ఫైళ్ల సంఖ్య సరిచూసుకోండి. నాలుగైదు ఫైళ్లు తెరిచి కూడా చూడాలి. కనీసం నెల రోజులు పాత సిస్టమ్‌ను ఇంట్లోనే ఉంచండి. ఇచ్చేసే రోజున 'రీసెట్ దిస్ పీసీ'లో 'రిమూవ్ ఎవ్రీథింగ్' ఎంచుకుని, 'క్లీన్ డేటా' ఆప్షన్ కూడా ఆన్ చేయండి. అది గంటల తరబడి సాగొచ్చు, ఛార్జర్ పెట్టి వదిలేయండి.