ఊరి పచ్చదనము - పౌరుల పూచీ

ఉద్దానమను పేరు ఉద్యానమను మాటనుండి వచ్చినదని మనవారందురు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో సముద్రతీరమున వెలసిన ఆ సీమకు అంతకంటె తగిన పేరు లేదు. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటి లక్షలాది వృక్షములను నేలగూల్చినది. తుపాను కూల్చిన చెట్టును మరల నాటవచ్చును. మనుష్యుడు పూడ్చి ఇండ్లు కట్టిన చెరువును మరల త్రవ్వించుట దుర్ఘటము. ఈ భేదమును మనము గుర్తింపవలయును.

సోంపేటవారు దీనిని సకాలమున గుర్తించిరి. ఆ పట్టణము చెంతనున్న బీల వాననీటిని నిలుపుకొను తడినేల. చేపలకును, పశువుల మేతకును, చుట్టుపట్ల వరిపొలములకును అది ఆధారము. దానిని పనికిరాని బీడుగా నెంచి అచ్చట బొగ్గు విద్యుత్కేంద్రమును నెలకొల్ప సంకల్పించినపుడు, పర్యావరణ పరిరక్షణ సంఘము పక్షమున పట్టణవాసులును, రైతులును, మత్స్యకారులును ఏకమైరి. 2010 జులై 14వ తేదీన పోలీసు కాల్పులలో ఇరువురు ప్రాణములు గోల్పోయిరి. ఆ దినముననే జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికారము ఆ కేంద్రమునకిచ్చిన అనుమతిని రద్దుగావించినది. జనులు వీధిని నిలువకున్న అర్జీని చదువువారుండరు. అర్జీ లేకున్న జనుల ఆవేదన చట్టమునకు వినబడదు. సోంపేటవారు రెండును చేసిరి.

అయినను పోరాటము రక్షణలో ఒక భాగమే. రెండవ భాగము నిత్యపాలన. టెక్కలి చేరువనున్న తేలినీలాపురమును చూడుడు. ఏటేట గూడబాతులును, ఎఱ్ఱకాళ్ల కొంగలును వచ్చి ఊరి చెట్లపై గూళ్లు కట్టును. వానిరాక శుభమని గ్రామస్థుల విశ్వాసము. ఆ విశ్వాసమే వానికి కావలి.

ఇక పట్టణముల మాట. పౌరులు ప్రకృతిని కాపాడవలయునని రాజ్యాంగము 1976 సవరణచే విధించినది. ఉద్యానములు, ఆటస్థలములు, పట్టణవనములు పురపాలక సంఘములకు అప్పగింపదగిన విషయములని 1992నాటి 74వ సవరణ పేర్కొన్నది. కాని వార్డు కమిటీలు మూడు లక్షలు, అంతకు మించిన జనాభాగల పట్టణములకే విధిగా ఏర్పడవలయును. పలాస-కాశీబుగ్గ వంటి చిన్న పట్టణమునకు ఆ నిర్బంధము లేదు. కనుక అచ్చటి పౌరులు తామే పూనుకొనవలయును.

చేయవలసిన పని కష్టసాధ్యము కాదు. చెరువులు, తోపులు, పోరంబోకులు ఎన్ని కలవో సర్వే నంబరులతో జాబితా వ్రాయవలయును. హద్దులు కొలిపించి రాళ్లు పాతింపవలయును. చెత్త పడకుండ, మొక్క ఎండకుండ వంతులు వేసికొనవలయును. లెక్కలు ఏటేట బహిరంగసభలో చదువవలయును. పశువుల కాపరిని, చేపలుపట్టువానిని సంఘమున చేర్చుకొనవలయును. వారిని వెలిబెట్టి కట్టిన కంచె నిలువదు.

ఒక కఠోరసత్యము చెప్పక తప్పదు. చెరువుగట్టును దున్ని పొలమున కలుపుకొనువారు పరదేశీయులు కారు. పట్టాలు, పలుకుబడి గల మనవారే. 2011 జనవరి 28న సుప్రీంకోర్టు జగ్‌పాల్ సింగు వ్యాజ్యమున గ్రామపు ఉమ్మడి భూముల ఆక్రమణలను తొలగింపుడని రాష్ట్రములను ఆదేశించినది. ఆ తీర్పు అమలగుటకు అధికారి రాకకై వేచియుండనేల? భూస్వాములు తమ హద్దురాయిని తామే వెనుకకు జరుపుదురేని, ఆ దినముననే సంఘమునకు బలము చేకూరును.