కార్యాలయపు కంప్యూటరు, సభ్యుని గుట్టు

మా కప్పగల్లు సంఘ కార్యాలయములో కంప్యూటరు ఒక్కటే. నూలు ఇండెంట్లు పంపుటకు, బ్యాంకు ఖాతా చూచుటకు, టెండరు పత్రములు దాఖలు చేయుటకు, సభ్యుల పిల్లలు స్కాలర్‌షిప్పు దరఖాస్తులు పెట్టుకొనుటకు, అన్నిటికి అదే ఆధారము. దానిలో ఏ బ్రౌజరు ఉంచవలెనను ప్రశ్న మా పాలకవర్గ సమావేశమున రెండు పర్యాయములు చర్చకు వచ్చి, రెండు పర్యాయములును వాయిదా పడినది. మూడవ పర్యాయము కార్యదర్శిగా మమ్ము విచారించి చెప్పుమనిరి. ఆ విచారణలో తెలిసిన సంగతులు తక్కిన సంఘములవారికి కూడ అక్కరకు రావచ్చునని తలచి ఇచ్చట వ్రాయుచున్నాము.

బ్రౌజరు అనగా ఇంటర్నెట్టును చూచుటకు తెరచు కిటికీ అనుకొనిన చాలును. ఆ కిటికీలో నుండి మనము బయటకు చూచుట అందరికి తెలియును. బయటివారు అదే కిటికీలో నుండి లోపలికి చూచుచున్నారనునది పలువురికి తెలియదు. మాకును మొన్నమొన్నటివరకు తెలియదు.

తెలిసిన విధము చెప్పెదము. మా సభ్యుడొకరు, పేరు అనవసరము, ఒకనాటి సాయంకాలము కార్యాలయమునకు వచ్చి, కూతురి పెండ్లి అప్పు విషయమై కొన్ని సైట్లు చూచుకొనిపోయినాడు. బంగారము మీద ఎంత ఇత్తురు, వడ్డీ ఎంత, ఇట్టివి. మరునాడు ఇంకొక సభ్యుడు అదే కంప్యూటరులో వార్తాపత్రిక తెరువగా, వార్తల ప్రక్కన, పైన, క్రింద, అంతటను అప్పుల ప్రకటనలే. "ఎవరప్పా ఇంత అప్పుల్లో ఉండేది?" అని ఆయన నవ్వుచు అడిగినాడు. ఆయనకు చెడు తలంపు లేదు. కాని ముందురోజు కడపట ఎవరు కూర్చొన్నదీ అచ్చటివారందరికి తెలియును. వారము తిరుగకముందే ఆ మాట బళ్ళారిలో నూలు వ్యాపారి చెవిని పడినది. ఆయన అరువు నిలిపివేసినాడు. పడుగు మగ్గము మీద ఉన్నది, పేకకు నూలు లేదు.

ఆ సభ్యుడు మావద్దకు వచ్చి, "అన్నా, నేను ఆ పెట్టెకు తప్ప ఎవరికీ చెప్పలేదు గదా, ఊరంతా ఎట్ల పాకె?" అని అడిగినాడు. మావద్ద సమాధానము లేదు. కంప్యూటరు తెలిసిన ఒక కుర్రవానిని పట్టుకొని, కొంత చదివి, కొంత అడిగి తెలిసికొన్నది ఇది.

మనము ఒక సైటు తెరచినపుడు అది మన బ్రౌజరులో ఒక చిన్న గుర్తు చీటీ పెట్టును. దానికి కుకీ అని పేరు. 1994లో నెట్‌స్కేపు సంస్థలో పనిచేయుచున్న లూ మోంటుల్లీ అనునతడు దీనిని కనిపెట్టినాడు. మనము మరల వచ్చినపుడు ఆనవాలు పట్టుటకు అది అక్కరకు వచ్చును. అందులో తప్పేమియు లేదు, మన దుకాణదారు కూడ పాత గిరాకీని గుర్తుపట్టును గదా. చిక్కు వచ్చినది ప్రకటనల కంపెనీలతో. ఒకే కంపెనీ వేయి సైట్లలో ప్రకటనలు వేయును. వేయి సైట్లలోను తన చీటీనే చూచుకొనును. అప్పు సైటులో చూచిన చీటీని వార్తల సైటులో కూడ చూచి, 'ఈ కంప్యూటరువారికి అప్పు కావలెను' అని అచ్చట కూడ అదే ప్రకటన వేయును. కూర్చొన్న మనిషి మారెనని ఆ చీటీకి తెలియదు. మా సభ్యుని గుట్టు బయటపడినది ఇట్లు.

ఈ మూడవవారి చీటీలను అడ్డగించుటయే గుట్టు కాపాడు బ్రౌజర్లు చేయు ముఖ్యమైన పని. యాపిల్‌వారి సఫారీ 2020లో వీనిని పూర్తిగా నిలిపివేసినది. ఫైర్‌ఫాక్సు 2022లో ఒక్కొక్క సైటు చీటీలను ఒక్కొక్క డబ్బాలో వేరుగా పెట్టు పద్ధతిని అందరికి అమలుపరచినది. ఒకరి డబ్బాలోనికి ఇంకొకరు తొంగిచూడలేరు. గూగుల్‌వారు తమ క్రోములో ఈ చీటీలను తీసివేయుదుమని 2020లో ప్రకటించి, ఏండ్లకొలది గడువులు పొడిగించి, 2024లో ఆ సంకల్పమును మానుకొనిరి. ప్రకటనలే ప్రధానాదాయముగా గల కంపెనీ ప్రకటనలకు పనికివచ్చు పనిముట్టును తానే విరుగగొట్టునని ఆశించుట మన అమాయకత్వము.

'రహస్య కిటికీ తెరచిన చాలదా?' అని పాలకవర్గములో ఒకరు అడిగిరి. క్రోములో ఇన్‌కాగ్నిటో అను ఏర్పాటు ఉన్నది. దానిని మూసివేసిన వెంటనే ఆ కంప్యూటరులో చరిత్ర మిగులదు. మా సభ్యుడు ఆనాడు దానిని వాడియుండిన ఆయన గుట్టు కార్యాలయమువరకు దక్కియుండెడిది. కాని బయటివారికి కనపడకుండుట వేరు సంగతి. ఈ కిటికీలో తిరిగినవారి వివరములు కూడ సేకరించినారని గూగుల్ మీద అమెరికాలో 2020లో దావా పడగా, 2024లో రాజీ కుదిరి, కోట్లకొలది రికార్డులను తుడిచివేయుటకు ఆ కంపెనీ అంగీకరించినది.

చీటీలు లేకున్నను ఆనవాలు పట్టు ఉపాయము ఇంకొకటి కలదు. ఇది మన చేనేతవారికి ఎవరు చెప్పకయే అర్థమగును. పది చీరలు మడత విప్పి పరచిన, ఏ చీర ఎవరి చేతిదో మా ఊరి పెద్దలు పేరు చూడకయే చెప్పుదురు. అంచు బిగువు, పేక దెబ్బ, కొంగు ముడి పట్టి ఇస్తవి. అట్లే తెర కొలత, అక్షరముల అచ్చులు, భాష, గడియారము, ఇట్టివన్నియు కలిపిచూచిన ఒక కంప్యూటరు తక్కినవానినుండి వేరుపడును. అమెరికాలో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషనువారు 2010లో పరీక్షించగా, తమవద్దకు వచ్చిన బ్రౌజర్లలో నూటికి 83కు పైగా దేనికది ప్రత్యేకముగా గుర్తుపట్టదగినవిగా ఉండెను. దీనికి విరుగుడు రెండు విధములు. టార్ బ్రౌజరు అందరికి ఒకే నేత నేసినట్లు, వాడువారందరిని ఒకే తీరున కనపరచును. బ్రేవ్ అనునది ప్రతిసారి నేతలో రవంత తేడా చూపి, చూచువానిని తికమకపెట్టును. టార్ గట్టిది, కాని నెమ్మది. మూడు చోట్ల చుట్టి తిరిగి వచ్చుటచేత బ్యాంకు సైట్లు దానిని అనుమానించును. పత్రికా విలేఖరులకు, ప్రాణభయము గలవారికి అది అవసరము. నూలు ఇండెంటుకు అంత చుట్టు మార్గము అక్కరలేదు.

మా ఊరి కొండను గూర్చి ఇచ్చట ఒక మాట చెప్పక ఉండలేము. కొట్టిన మ్రోగు రాళ్ళు, రాతిపై పొడిచిన ఎద్దుల బొమ్మలు చూచుటకు దేశవిదేశముల పండితులు వచ్చుచుందురు. కొత్త రాతియుగపువారు చేసిన పని అది. చేసినవాని పేరు ఎవరికిని తెలియదు, చేసిన పని మాత్రము నిలిచియున్నది. కంప్యూటరు విషయమున మన స్థితి తలక్రిందులు. చేసినది ఏమియు మిగులకున్నను పేరు, ఊరు, అప్పు అన్నియు ఎక్కడనో వ్రాసి ఉండును.

ఇక ఎవరి సరకు నమ్మవలెనను ప్రశ్న. ఈ బ్రౌజర్లన్నియు ఉచితమే. ఉచితముగా నూలు ఇచ్చువానిని చూచిన మనకు ఏమి తోచును? అట్లే ఇచ్చట కూడ డబ్బు ఎచ్చటినుండి వచ్చుచున్నదని అడిగితిమి. ఫైర్‌ఫాక్సును నడుపు మొజిల్లా సంస్థకు ఆదాయములో అధిక భాగము గూగుల్ శోధనను ముందుంచినందుకు వచ్చు సొమ్మే. బ్రేవ్‌ను స్థాపించినవారిలో ఒకరు, 1995లో జావాస్క్రిప్టు భాషను రూపొందించిన బ్రెండన్ ఐక్. అది ప్రకటనలను గట్టిగా అడ్డుకొనును, కాని తన సొంత ప్రకటనలు తాను వేయును. 2020లో కొన్ని చిరునామాలు టైపు చేయగా తమకు కమీషను వచ్చు సంకేతములను దానియంతట అది చేర్చుచున్నదని బయటపడి, తప్పు ఒప్పుకొని సరిదిద్దుకొనిరి. డక్‌డక్‌గో బ్రౌజరు మైక్రోసాఫ్టువారి కొన్ని గూఢచారి స్క్రిప్టులను విడిచిపెట్టుచున్నదని 2022లో తేలి, అదే సంవత్సరము మార్చుకొనిరి. తప్పు చేయనివారు ఎవరును మాకు కనపడలేదు. అయినను పట్టుబడిన పిమ్మట దిద్దుకొన్నవారిని, దిద్దుకొందుమని చెప్పి మానుకొన్నవారిని ఒకే తక్కెడలో తూచరాదు.

మనదేశపు సరకు లేదా అని మా అధ్యక్షులు అడిగిరి. కలదు. బెంగళూరులో హిడెన్ రిఫ్లెక్సు సంస్థవారు 2010లోనే ఎపిక్ అను బ్రౌజరు తెచ్చి, 2013లో దానిని గుట్టు కాపాడునదిగా మార్చిరి. చెన్నై జోహో సంస్థవారు 2023లో ఉలా అనునది విడుదల చేసిరి. కేంద్ర ప్రభుత్వము స్వదేశీ బ్రౌజరు కొరకు పెట్టిన పోటీలో 2025లో దానికే మొదటి బహుమతి వచ్చినది. పిల్లలకు, ఉద్యోగమునకు, ఇంటికి వేరువేరు గదులుగా వాడుకొను సదుపాయము దానిలో ఉన్నది. మాకు అది నచ్చినది. అయితే బ్రేవ్, ఉలా రెండింటికి లోపలి యంత్రము గూగుల్‌వారు మొదలుపెట్టిన క్రోమియమే. ఫైర్‌ఫాక్సు యంత్రము వేరు, పైగా తెలుగులోను కన్నడములోను దొరుకును. 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రకు పోయి మేము మైసూరు వైపు ఉండిపోయిన నాటినుండి కచేరి కాగితము కన్నడము, ఇంటి మాట తెలుగు. రెండు భాషలును ఉండుట మాకు చిన్న విషయము కాదు.

అన్నియు పెట్టి కొన్ని వారములు వాడి చూచితిమి. ప్రకటనలు తగ్గుటచేత పుటలు త్వరగా తెరచుకొనినవి, మా పాత కంప్యూటరుకు ఇది గొప్ప ఉపకారము. నష్టమును చెప్పవలెను. ఒక టెండరు పోర్టలులో డిజిటల్ సంతకము పడలేదు. ఇంకొక చోట సొమ్ము చెల్లించు పుట తెల్లగా నిలిచిపోయినది. అడ్డు తీసిన పిదప వచ్చినది. గడువు దినమున ఇట్లు జరిగిన సంఘమునకు వేలు నష్టము. కాబట్టి క్రోమును పూర్తిగా తీసివేయుటకు మాకు ధైర్యము చాలలేదు.

ఏ బ్రౌజరును చేయలేని పని ఒకటి ఉన్నది. నేతకారుల పథకమని నమ్మి ఒక దొంగ సైటులో ఓటీపీ తానే కొట్టిన సభ్యురాలి సొమ్మును ఏ అడ్డుగోడయు ఆపలేదు. ఎంత గట్టి తలుపైనను లోపలివారే తీసిన ఏమి చేయును?

'మనవంటివారి గుట్టు ఎవరికి కావలెను?' అన్నవారు కూడ సమావేశములో ఉండిరి. వారికి మేము చెప్పినది ఇంతే. కర్ణాటక హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసి విశ్రాంతి పొందిన కె.ఎస్. పుట్టస్వామిగారు 2012లో వేసిన దావాలో, 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనము గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవముగా తీర్పు చెప్పినది. అది ధనికులకే అని అందులో లేదు. మా సభ్యుని విషయమే చూడుడు. ధనికునికి అప్పు వ్యాపారము, నేతవానికి అప్పు అప్రతిష్ఠ.

మా నివేదికపై పాలకవర్గము నిర్ణయించినది ఇట్లున్నది: నిత్యోపయోగమునకు ఫైర్‌ఫాక్సు, మూసిన వెంటనే చీటీలు, చరిత్ర తుడిచిపెట్టుకొనునట్లు అమర్చి, టెండర్లకు, బ్యాంకుకు మాత్రము క్రోము, దానికి తాళపుమాట కార్యదర్శి వద్ద. సంకేతపదములను ఏ బ్రౌజరులోను దాచిపెట్టరాదు. సొంత ఖాతా తెరచినవారు లేచునపుడు మూసి లేవవలెను. ఉలాను కొనాళ్ళు పిల్లల పనికి వాడి చూచి, సంగతి వచ్చే సంచికలో తెలిపెదము.

ఆ సభ్యునికి వ్యాపారి అరువు ఇంకను పునరుద్ధరించలేదు. సంఘము పక్షమున నూలు ఇప్పించితిమి. పడుగు పూర్తియైనది, కూతురి పెండ్లి మాఘమాసములో ఉన్నది.